చెల్లి ఓడ గడియ

నడిసముద్రంలో ఇంజను చచ్చి కొట్టుకుపోతున్న ఓడల్ని లాక్కురావడానికి, మునిగినవాటిని పైకి తేల్చడానికి ఆ రేవులో నౌకాదళం వాళ్ళ ఓడలు రెండుండేవి. పేర్లు వాటి ముక్కు మీద బారెడేసి అక్షరాలతో రాసి ఉన్నా, ఆ పేర్లతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ముందు కట్టింది అక్క, వెనక కట్టింది చెల్లి. రెండూ ఒకే అచ్చు. మేకు దగ్గర్నుంచి మోటారు దాకా ఇందులోది అందులో, అందులోది ఇందులో చక్కగా కూర్చుంటుంది. వచ్చిన చిక్కంతా అక్కడే.

లోకంలో ఓడలన్నిటినీ కాపాడే ఈ రెండిటికీ ఏదైనా వస్తే కాపాడే దిక్కు లేదు. వీటి విడిభాగాలు తయారుచేసే కంపెనీ ఆ నమూనాను ఎప్పుడో మానేసింది. ఫలానా భాగం కావాలని రాస్తే జవాబు రావడానికే ఒక వానాకాలం గడిచిపోయేది. తీరా వచ్చిన జవాబులో మళ్ళీ ఒక ప్రశ్న ఉండేది. ఇలా కాదని యార్డు వాళ్ళు తమ దారి తాము చూసుకున్నారు. ఏ ఓడ సముద్రంలోకి వెళ్ళాలో దానికి రెండోదాని ఒంటి మీది మంచి భాగం ఊడదీసి పెట్టడమే. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు చేబదులు. పక్కింటికెళ్ళి గిన్నెడు పంచదార తెచ్చుకున్నట్టు పంపు తెచ్చుకునేవాళ్ళు, లైటు తెచ్చుకునేవాళ్ళు.

దానికీ ఒక పద్ధతి ఉండేది. మంచిది తీసి అరిగింది పెట్టిన చోటల్లా ఎర్రగుడ్డ పీలిక కట్టాలి. తీసిన చెయ్యే కట్టాలి, మంచిదాన్ని మళ్ళీ పెట్టాక అదే చెయ్యి విప్పాలి. ఎర్రగుడ్డ కనపడితే "ఇది నమ్మకూడనిది" అని ఓడ మీద ప్రతివాడికీ తెలుస్తుంది. ఈ ఒక్క నియమం మీదే అన్నాళ్ళూ బండి నడిచింది.

ఈ చేబదుళ్ళలో ఆరితేరిన మనిషి ఫిట్టరమ్మ. చిన్నప్పుడే తండ్రి పోతే మేనమామ తెచ్చి పెంచాడు. ఆ మేనమామ యార్డులో మేస్త్రీ. పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక వర్క్‌షాపుకు వెంట తెచ్చుకునేవాడు. ఆ పిల్ల బొమ్మలకు బదులు బోల్టులతో ఆడి, ఆయన చూస్తుండగానే పనిలోకి దిగిపోయింది. "ఆడపిల్లకి ఈ గ్రీజు పనేంటి మేస్త్రీ?" అని ఎవరైనా నొసలు చిట్లిస్తే, "మీ మగపిల్లల్ని తీసుకురండి, ఏం వచ్చో చూస్తా" అనేవాడు. ఆయన నోటికి యార్డంతా జడిసేది. మేనకోడలి పెళ్ళి సంగతీ అంతే. చెల్లి ఓడ మీద వించి నడిపే మనిషిని చూపించి, "తాగడు, అరవడు, పక్కన పిడుగు పడినా కదలడు. నచ్చితే చేసుకో. ఇంకోణ్ణి వెతికే ఓపిక నాకు లేదు" అన్నాడు. చేసుకుంది. ఇన్నేళ్ళలో ఆ మొగుడి మీద ఆమెకున్న ఫిర్యాదు ఒక్కటే. ఏం వండి పెట్టినా "బాగుంది" అంటాడు. ఉప్పెయ్యడం మరిచిపోయినా బాగుందే. అటువంటి మనిషితో దెబ్బలాట ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఆమెకు చివరిదాకా తెలిసిరాలేదు.

ఇక్కడ వించి గురించి రెండు ముక్కలు చెప్పుకోవాలి, లేకపోతే కథ నడవదు. ఓడ వెనక భాగంలో మనిషెత్తు డ్రమ్ము ఉంటుంది. దాని చుట్టూ మణికట్టు లావున ఉక్కుతాడు చుట్టి ఉంటుంది. లాక్కొచ్చే ఓడ ఆ తాడు కొసన వేలాడుతూ వస్తుంది. డ్రమ్ము వెనక్కి తిరిగిపోకుండా పట్టుకునేవి రెండే రెండు. ఒకటి బ్రేకు, అంటే డ్రమ్ము చుట్టూ బిగిసే బ్యాండు. రెండోది గడియ. డ్రమ్ము అంచున ఉన్న పళ్ళచక్రంలో పడి ఆపే ఉక్కు దిమ్మ అది. గడియ పడిందంటే వించి మనిషి లివరు మీద చెయ్యి తీసి ఊపిరి పీల్చుకోవచ్చు. అరిగిన గడియ మాత్రం పట్టీ పట్టనట్టుగా ఆగి, అల లేచినప్పుడు తాడు ఒక్క గుంజు గుంజగానే జారుతుంది. లేదా విరిగి ముక్కలై ఎగురుతుంది. విప్పుకుపోయే తాడు ముందు ఎవడు నిలబడి ఉంటే వాడి పని అంతే. డ్రమ్ముకు అంత దగ్గరగా నిలబడేది ఇద్దరే. ఇనపరేకు అడ్డు వెనకాల లివరు పట్టుకుని ఫిట్టరమ్మ మొగుడు, గడియను వెయ్యడానికీ ఎత్తడానికీ చక్రం పక్కనే బొంగరం.

బొంగరం నలభై దాటిన మనిషి. కాలు ఒక్కచోట నిలవదు గనక ఆ పేరొచ్చింది. నా అన్నవాళ్ళు లేరు, ఓడే ఇల్లు. వించి ఆయన్ని అన్నా అంటాడు, ఫిట్టరమ్మను వదినా అంటాడు. నవ్వకుండా మాట్లాడటం అతనికి చేతకాదు.

ఏడాదికోసారి తనిఖీకి పెద్దాఫీసర్లు వచ్చేవారు. వాళ్ళు వచ్చేసరికి ఓడంతా ఎర్రగుడ్డలు వేలాడుతుంటే బాగుంటుందా? బాగుండదని మేస్త్రీ ఏనాడో తేల్చేశాడు. తనిఖీ పూట పొద్దున్నే గుడ్డలన్నీ విప్పేసి, అరిగినవాటికి రంగు పూసి, ఆఫీసర్లు గేటు దాటగానే మళ్ళీ ఎవరి గుడ్డ వాళ్ళు కట్టేవాళ్ళు. కెప్టెన్లకూ తెలుసు, కలాసీలకూ తెలుసు. తెలియనిదల్లా తనిఖీకి వచ్చినవాళ్ళకే. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేకుండా సాగింది గనక ఇకముందూ సాగుతుందనుకున్నారు. మనుషులకు అంతకంటే పెద్ద ధైర్యం ఏముంటుంది చెప్పండి.

ఆ ఏడు అక్క డ్రై డాకులో, అంటే నీళ్ళు తోడేసి ఓడను మరమ్మతుకు నిలబెట్టే గోతిలో ఉంది. దాని వించిని బరువు కట్టి పరీక్షిస్తామని తనిఖీ వాళ్ళు ముందే కబురు పెట్టారు. చెల్లి వించిని ఊరికే చూసి పోతారట. తీరా అక్క గడియ చూస్తే అంచు అరిగి ఉంది. తనిఖీ పూట పొద్దున్న చెల్లి సిబ్బందంతా జెట్టీ మీద వరసలో నిలబడి కవాతు చేస్తుంటే, మేస్త్రీ మేనకోడల్ని పక్కకు పిలిచాడు.

"చెల్లి గడియ తీసి అక్కకు పెట్టు. అక్కది చెల్లికి తగిలించు. సాయంత్రం మళ్ళీ మార్చేద్దాం."

"మా ఆయనకి ఒక మాట చెప్పిరానా?"

"వరసలో నిలబడ్డవాడి దగ్గరికెళ్ళి చెవిలో చెప్తావా? సాయంత్రానికి మారిపోయేదానికి ఎందుకే ఇంత హడావిడి?"

ఆమె మార్చింది. అలవాటు కొద్దీ ఎర్రగుడ్డ కట్టింది. కట్టి చేతులు తుడుచుకుందో లేదో, "వస్తున్నారు, వస్తున్నారు" అని కేక వినపడింది. కట్టిన గుడ్డను విప్పి, మిగతావాటితో పాటు ఏప్రాన్ జేబులో కుక్కుకుని, గడియ మీద ఒక పూత రంగు కొట్టి దిగిపోయింది. పరీక్షలో అక్క వించి బరువును పువ్వులా ఎత్తింది. తనిఖీ పెద్ద తలాడించాడు. మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు.

ఆఫీసర్లు ఇంకా టీలు తాగుతుండగానే సైరను మోగింది. రేవుకు పావుగంట దూరంలో, కొండ మలుపు అవతల సరుకుల ఓడ ఒకటి ఇంజను ఆగిపోయి గాలికి రాళ్ళ వైపు కొట్టుకుపోతోంది. దాని మీద ఇరవై మంది దాకా మనుషులున్నారు. వరసలో ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా చెల్లి ఎక్కేశారు. కట్లు విప్పారు. ఫిట్టరమ్మ అప్పుడు డ్రై డాకు అడుగున అక్క చుక్కాని దగ్గర ఉంది. మెట్లన్నీ ఎక్కి పైకొచ్చేసరికి చెల్లి రేవు గోడ దాటిపోయింది. గాలి పెద్దదిగా ఉంది. చేతులు చల్లబడితే ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. వేళ్ళకు గుడ్డలు తగిలాయి.

బయటికి తీసింది. ఒకటి ముందు లైటుది, ఒకటి మంటలార్పే పంపుది, రెండు తలుపు కీళ్ళవి. ఇంకొక దానికి వించి గ్రీజు అంటి ఉంది. చూడగానే ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

మేస్త్రీ షాపు గుమ్మంలో టీ గ్లాసుతో నిలబడి ఎవరితోనో పరాచికాలాడుతున్నాడు. చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది.

"మామయ్యా, గడియ! చెల్లికి అరిగిందే ఉండిపోయింది. మార్చనే లేదు."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది. అయినా గొంతు తగ్గించి, "అరవకు. బ్రేకుంది కదే. నీ మొగుడికి బ్రేకు మీద చెయ్యి తిరిగింది. ఏం కాదు" అన్నాడు.

"గడియ పడింది కదా అన్న నమ్మకంతో బ్రేకు వదిలేస్తాడు మామయ్యా! వదిలి పక్కనే నుంచుంటాడు. నీకు తెలీదా? నాకా చెప్తున్నావ్?"

"రేడియో గదిలో ఎవరున్నారో తెలుసా నీకు? తనిఖీ పెద్ద. రక్షణ పని ఎలా చేస్తారో చూస్తానని కుర్చీ వేసుకుని కూచున్నాడు. ఆయన ముందు నువ్వు నోరు విప్పితే నాతో పోదు. షాపులో అందరి మెడలూ తెగుతాయి. రేపో మాపో దిగిపోయేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్క మాట పడలేదు నేను."

"ఆయన చచ్చిపోతే?"

"అపశకునం మాటలు మాట్లాడకు."

ఆమె కదలబోయింది. మేస్త్రీ మణికట్టు పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటించేటప్పుడు పట్టుకున్నట్టే గట్టిగా పట్టుకున్నాడు. ఆయన కళ్ళలో ఆమె ఎన్నడూ చూడని భయం కనపడింది. జాలేసింది కూడా. అయినా, "వదులు మామయ్యా" అంది. వదల్లేదు. "వదలకపోతే ఇక్కడే అరుస్తాను, గేటు దాకా వినపడుతుంది" అంది. అప్పుడు వదిలాడు.

ఎలా పరిగెత్తిందో ఆమెకే తెలీదు. చెప్పొకటి జెట్టీ మీదే ఉండిపోయింది. రేడియో గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేసరికి రొప్పుతో మాట రాలేదు. మైకు ముందు డ్యూటీ ఆఫీసరు, కిటికీ పక్కన తనిఖీ పెద్ద. రేడియోలోంచి చెల్లి కెప్టెను గొంతు వస్తోంది.

"ఎవరమ్మా నువ్వు? ఇలా రాకూడదు" అన్నాడు డ్యూటీ ఆఫీసరు.

"చెల్లి వించికి గడియ అరిగింది సార్. వెయ్యొద్దని చెప్పండి. ముందు చెప్పండి, తరవాత నన్నేమైనా చెయ్యండి."

తనిఖీ పెద్ద కుర్చీలోంచి వెనక్కి తిరిగాడు. "పొద్దున నేను చూశాను. మెరిసిపోతోంది."

"ఆ మెరుపు నేను పూసిందే సార్."

అంతలో రేడియోలో కెప్టెను, "తాడు అందించాం. బిగిస్తున్నాం. గడియ వేస్తున్నాం" అంటున్నాడు. డ్యూటీ ఆఫీసరు ఒక్క క్షణం తనిఖీ పెద్ద ముఖం చూశాడు. ఆ ఒక్క క్షణం కూడా ఫిట్టరమ్మ ఓర్చుకోలేకపోయింది. ఆయన చేతిలో మైకు లాక్కుని, "గడియ ఎత్తండి! ఎత్తెయ్యండి! అది విరుగుతుంది!" అని కేకేసింది.

గరగర చప్పుడు. గాలి చప్పుడు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుని ఉంది.

"ఎత్తేశాం," అన్నాడు కెప్టెను చివరికి. "ఎవరు మాట్లాడేది? ఏం జరిగింది?"

డ్యూటీ ఆఫీసరు మైకు తీసుకుని సంగతి చెప్పాడు. కెప్టెను, "తాడు వదిలెయ్యమంటారా? ఆ ఓడ డెక్కు మీద మనుషులు నాకు కనపడుతున్నారు. చేతులూపుతున్నారు. వెనక రాళ్ళ మీద నురగ కూడా కనపడుతోంది. ఇంకో ఓడ వచ్చేలోగా వీళ్ళుండరు" అన్నాడు. వదిలెయ్యమని ఎవరంటారు? తనిఖీ పెద్ద కూడా అనలేదు. "ఉండండి, వించి ఆయన్ని అడుగుతా" అన్నాడు కెప్టెను.

ఇంకాసేపటికి రేడియోలో ఆమె మొగుడి గొంతు వినపడింది.

"నువ్వేనా?"

"నేనేనండీ."

"ఎంత అరిగింది?"

"అంచు సగం లేదు. అక్కది అది. పొద్దున మార్చాను. సాయంత్రం తిరిగి పెట్టేద్దామని..."

"సరే."

"సరేనా? తిట్టండి నన్ను."

"ఇప్పుడు తీరిక లేదు. గడియ ఎత్తి కట్టేస్తాం. బ్రేకు మీదే తీసుకొస్తా."

"అంతసేపు చేత్తో ఎలా పడతారండీ? ఎవరికైనా ఇచ్చి పక్కకు రండి!"

"ఎవరికివ్వను? ఎవడికివ్వమంటావో చెప్పు," అన్నాడు. అంతే, మళ్ళీ కెప్టెను గొంతు వచ్చింది.

ఆ తరవాత జరిగిందంతా ఆమె విన్నదే గానీ చూసింది కాదు. వినడం చూడ్డం కంటే ఎంత కష్టమో ఆవేళ తెలిసింది. గడియ ఉంటే చక్రం పళ్ళు మోసే బరువునంతా ఇప్పుడు బ్యాండు మోస్తోంది, బ్యాండును ఒక మనిషి చెయ్యి మోస్తోంది. అల లేచినప్పుడల్లా రెండు ఓడలూ చెరోవైపు లాగుతాయి. తాడు బిగుస్తుంది. ఆ బిగువు అందేలోపు లివరు కాస్త వదిలి, అందగానే మళ్ళీ నొక్కిపెట్టాలి. వదిలింది ఎక్కువైతే తాడు విప్పుకుపోతుంది. తక్కువైతే తెగుతుంది. పక్కన పిడుగు పడినా కదలని మనిషని మామయ్య అన్న మాట ఆమెకు గుర్తొచ్చి, ఏడుపొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్ళిస్తే తాగలేదు. కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగింది.

"కదులుతోంది, వెనకాల వస్తోంది" అన్నాడు కెప్టెను. గదిలో అందరూ కాస్త తెరిపిన పడ్డారు. అంతలోనే గొంతు మారింది. "జారుతోంది. బ్రేకు పట్టట్లేదు. తాడు జారుతోంది."

"ఎందుకు పట్టట్లేదు?" అన్నాడు డ్యూటీ ఆఫీసరు.

"నీళ్ళు పడుతున్నాయి బ్యాండు మీద," అన్నారెవరో గుమ్మంలోంచి. తిరిగి చూస్తే మేస్త్రీ. ఎప్పుడొచ్చాడో, చేతిలో టీ గ్లాసు ఇంకా అలాగే ఉంది. లోపలికొచ్చి, తనిఖీ పెద్ద వైపు చూడకుండా మైకు అందుకున్నాడు. "కెప్టెన్ గారూ, తుంపర పడి బ్యాండు తడుస్తోంది. టార్పాలిన్ కప్పండి. కడితే గాలికి నిలవదు. మనిషే పట్టుకోవాలి. డ్రమ్మును ఆనుకుని ఒకడు పట్టుకు కూచోవాలి."

మళ్ళీ గరగర. ఫిట్టరమ్మ కళ్ళు మూసుకుని, ఆయన కాకూడదు, ఆయన కాకూడదు అనుకుంది.

"బొంగరం పట్టుకున్నాడు," అన్నాడు కెప్టెను.

హమ్మయ్య అనుకుంది ఆమె. నిజం చెప్పాలంటే పైకే అనేసింది. మొగుడికి ముందు ఇనపరేకు అడ్డం ఉంటుంది. బొంగరానికి టార్పాలిన్ తప్ప ఏ అడ్డూ లేదు. ఆ తేడా అక్కడున్నవాళ్ళందరిలోకీ ఆమెకే బాగా తెలుసు. తెలిసే హమ్మయ్య అంది.

"పట్టింది," అన్నాడు కెప్టెను. "వస్తోంది. వస్తోంది."

ఎండ దిగే వేళకు చెల్లి రేవు గోడ దాటి లోపలికి వచ్చింది. వెనకాల సరుకుల ఓడ, దాని అంచున వరసగా తలకాయలు. జెట్టీ మీద జనం ఈలలు వేశారు. ఫిట్టరమ్మకు అవేవీ వినపడలేదు. దిగడానికి పలక వెయ్యకముందే గెంతి ఓడెక్కి వించి దగ్గరికి పరిగెత్తింది. మొగుడు లివరు పట్టుకునే నిలబడి ఉన్నాడు. "వదిలెయ్యండి, వచ్చేశాం" అంటే, "చెయ్యి రావట్లేదే" అన్నాడు నవ్వుతూ. వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆమె ఒక్కొక్క వేలూ ఊడదీసింది. ఊడదీస్తూ, పదిమంది చూస్తున్నారని కూడా చూడకుండా బావురుమంది. ఆయన ఆమె తల మీద గడ్డం ఆనించి, "ఉప్పు లేని కూర పెట్టావనుకో, సర్దుకుంటా. ఇలాంటివి పెట్టకు" అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన చేసిన మొదటి ఫిర్యాదు అది.

అవతలి పక్కన బొంగరం డ్రమ్ముకు వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు. వేడెక్కిన బ్యాండుకు తగిలి ముంజేతులు రెండూ బొబ్బలెక్కాయి. ఎవరో నీళ్ళు పోస్తుంటే, "మెల్లిగా పొయ్యరా బాబూ, చేపల్ని కడుగుతున్నావా?" అంటున్నాడు. ఆమె అతని వైపు చూసింది గానీ, మొగుడి చేతులు వదల్లేదు.

విచారణ పెట్టారు. మేస్త్రీ తనంతట తానే లేచి, గుడ్డలు విప్పించింది నేనే, ఏటేటా విప్పించింది నేనే, మిగతావాళ్ళు నా మాట విన్నవాళ్ళే అని చెప్పాడు. ఆయన్ని ఆ వారమే ఇంటికి పంపేశారు. దండ లేదు, రెండు మంచి మాటలు లేవు. అక్క ఓడను పూర్తిగా పక్కన పెట్టేసి, పనికొచ్చే భాగాలన్నీ చెల్లికే ఇచ్చెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇదేదో ముందే చేసి ఉంటే పోయేదిగా అని మీకూ నాకూ అనిపిస్తుంది. పైవాళ్ళకు అనిపించడానికి ఇంత జరగాల్సి వచ్చింది.

చివర్న తనిఖీ పెద్ద ఫిట్టరమ్మను పిలిచాడు. గొంతు మెత్తగానే ఉంది. "మీ వాళ్ళందరికీ ముప్పొస్తుందని తెలిసి కూడా వచ్చి నిజం చెప్పావు. ఇరవై మంది బతికారు. బాధ్యత తెలిసినదానివి కాబట్టి చెప్పావని రాస్తాను. శిక్ష తగ్గుతుంది."

గదిలో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఓడవాళ్ళంతా గోడవారగా కూర్చుని ఉన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అలా రాయకండి సార్. వించి దగ్గర ఉన్నది మా ఆయన. అందుకని చెప్పాను. బాధ్యతా లేదు, ఏమీ లేదు. ఆ ఇరవై మందీ నాకు గుర్తే లేరు."

తనిఖీ పెద్ద ఏం రాసుకున్నాడో ఆమెకు తెలీదు. కొన్నాళ్ళు ఓడ మెట్లు ఎక్కకుండా షాపులోనే పని చెయ్యమన్నారు. ఒప్పుకుని బయటికొచ్చింది. ఆమెకు బరువు దిగినట్టే ఉంది. వరండా చివర బొంగరం నిలబడి ఉన్నాడు. రెండు ముంజేతులకూ కట్లు. ఆవేళ కాళ్ళు కదలడం లేదు.

"వదినా, ఒకటడుగుతా. కోప్పడకూడదు."

"అడుగు."

"ఆవేళ అన్న సెలవు పెట్టాడనుకో. వించి దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాననుకో."

అతను నవ్వుతూనే అడిగాడు. ఎప్పుడూ అలాగే అడుగుతాడు. ఆమె మాత్రం నవ్వలేకపోయింది. చెప్పేదాన్ని కానా ఏంటి అందామని నోరు తెరిచింది. షాపులో మామయ్య పట్టుకున్న మణికట్టు గుర్తొచ్చింది. రేడియో గదిలో తన నోటివెంట వచ్చిన హమ్మయ్య గుర్తొచ్చింది. అబద్ధం చెప్పడానికి సిగ్గేసింది.

"చెప్పేదాన్ని కాదేమో బొంగరం," అంది. "మామయ్య ఏం కాదులే అన్నాడు కదా. నేనూ ఏం కాదులే అనుకునేదాన్ని."

"అంతేలే," అన్నాడు బొంగరం. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. "ఊరికే అడిగా. పనుంది, వెళ్తా."

నాలుగడుగులు వేశాడు. ఆమె వెనకాలే వెళ్ళి అతని చొక్కా పట్టుకుని ఆపింది. మెట్లెక్కొద్దన్న సంగతి ఆమెకు గుర్తుంది. గుర్తుండే ఎక్కింది. అతన్ని చెల్లి ఓడ మీదికి తీసుకెళ్ళి, వించి డ్రమ్ము పక్కన అతను నిలబడే చోట నిలబెట్టింది. గుడ్డలు కట్టిన చేబదుళ్ళు లెక్కలోకి వచ్చినవే. గుడ్డలు వానకూ ఎండకూ చివికి రాలిపోయాక మళ్ళీ కట్టకుండా వదిలేసినవి వేరే ఉన్నాయి. అవి ఏ విచారణలోనూ రాలేదు. ఆమెకు తప్ప ఎవరికీ తెలియవు.

"ఇదిగో, ఈ చీల అక్కది, అరిగింది," అంది అతని మోకాలి పక్కన వేలు పెట్టి. "ఈ బోల్టు పక్కదానికంటే మెత్తది. ఈ అడ్డుకమ్మికి లోపల అతుకుంది, నేనే వేశాను. నువ్వు కాలు పెట్టే ఈ పలక కింద కొక్కెం ఒక్కటే ఉంది, రెండుండాలి."

బొంగరం ఆమె వేలు వెళ్ళిన చోటికల్లా చూశాడు. ఎన్నేళ్ళుగానో రోజూ ఆనుకున్న చోట్లే అన్నీ. అతని ముఖంలో నవ్వు పోవడం ఆమె మొదటిసారి చూసింది.

"ఇన్నా వదినా?" అన్నాడు.

"ఇంకా ఉన్నాయి, రా," అంది ఆమె.